బీచ్ ఖర్చు మస్తరు (హాజరు) పుస్తకంలో దొరికింది: ఒక తీర మున్సిపాలిటీ కేసు

నేను చేసే పని మున్సిపల్ లెక్కలు చదవడం. బడ్జెట్ పుస్తకం, కౌన్సిల్ అజెండా, ఎం-బుక్ (పనుల కొలతల పుస్తకం) ముందేసుకుని, అందులో ఏముందో వార్డు సంఘాలకూ ఒక్కోసారి కౌన్సిలర్లకూ అర్థమయ్యేలా చెబుతాను. ఈ కేసు ఉత్తర కోస్తాలోని ఒక చిన్న మున్సిపాలిటీది. ఊరి పేరు, మనుషుల పేర్లు, ఖర్చు మొత్తాలు రాయడం లేదు. గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని వదిలేశాను. "మా పన్ను డబ్బంతా తీసుకెళ్లి బీచ్‌లో పోస్తున్నారు" అన్న మాట కోస్తాలో చాలా ఊళ్లలో వినిపిస్తుంది. ఈ ఊళ్లో ఆ మాట నిజమే. కాకపోతే జనం వెతికిన చోట దానికి ఆధారం లేదు, ఎవరూ చూడని చోట ఉంది. అందుకే దీన్ని రాసిపెడుతున్నాను.

ఊరి పరిస్థితి

బస్టాండు నుంచి నేరుగా సముద్రానికి దిగే రోడ్డు. ఆ రోడ్డు చివర ఆదివారం సాయంత్రాలు జనం కూడే ఇసుక మైదానం, మొక్కజొన్న పొత్తులు, బజ్జీల బళ్లు. దానికి ఉత్తరాన మత్స్యకారుల పేట. ఊరికి పడమర వైపు పల్లపు వార్డులు మూడు ఉన్నాయి. గట్టి వాన పడితే అక్కడ కాలవ నీళ్లు గుమ్మాలెక్కుతాయి.

బీచ్ అభివృద్ధి రెండు దశల్లో అనుకున్నారు. మొదటి దశలో ఒడ్డు వెంట గోడ, పేవర్ బ్లాకుల నడకదారి, హైమాస్ట్ లైట్లు, సెల్ఫీ పాయింట్. నేను వెళ్లేసరికి అవన్నీ అయిపోయి ప్రారంభోత్సవం కూడా జరిగిపోయింది. రెండో దశలో ఫుడ్ కోర్టు, పార్కింగ్, మరుగుదొడ్లు, గోడను పేట వైపు పొడిగించడం ఉన్నాయి. అది ఇంకా ప్రతిపాదన దశలోనే ఉంది. డబ్బులో పెద్ద భాగం పర్యాటక పథకం గ్రాంటు, కొంత మున్సిపాలిటీ వాటా.

అదే సమయంలో ఊళ్లో వేడి వేరే కారణాల వల్ల కూడా పెరిగింది. 2021 నుంచి రాష్ట్రంలో ఇంటి పన్నును అద్దె విలువ బదులు ఆస్తి మూలధన విలువ మీద లెక్కిస్తున్నారు. ఏటా పెంపు 15 శాతం దాటకూడదని పరిమితి పెట్టారు. ఆ పరిమితి జనానికి అర్థమైంది ఒకటే: ఏటా 15 శాతం పెరుగుతుందని. దానికి తోడు, ఇంటింటికీ చెత్త పన్ను అడుగుతున్న రోజులవి. అలాంటప్పుడు కొత్త లైట్ల కింద ఫొటోలు దిగుతున్న బీచ్‌ను చూస్తే ఎవరికైనా ఒళ్లు మండుతుంది.

వాళ్లు నా దగ్గరకు తెచ్చిన సమస్య

నన్ను పిలిచింది పల్లపు వార్డుల సంక్షేమ సంఘం. కల్యాణ మండపంలో మీటింగు పెట్టారు. ఒకావిడ లేచి అడిగిన మాటే అందరి మాట: "మా ఈధిలో కాలవ మూసుకుపోయి ఆర్నెల్లయింది. చెబితే డబ్బుల్లేవంటారు. సముద్రానికి లైట్లెందుకండీ, దానికేటి రాత్రిళ్లు కనబడదా?"

అప్పటికే వాళ్లు చాలా చేశారు. కలెక్టరేట్‌లో సోమవారం గ్రీవెన్సుకు వందల సంతకాలతో మహజరు ఇచ్చారు. అది మున్సిపాలిటీకే తిరిగొచ్చి "పరిష్కరించబడినది" అని మూసుకుపోయింది. విజిలెన్స్‌కు రాశారు. అందులో అవినీతి జరిగిందన్న ఆరోపణ తప్ప, ఏ బిల్లులో, ఏ పనిలో అన్నది లేదు. "బీచ్ మీద మొదటి నుంచి ఇప్పటిదాకా పెట్టిన మొత్తం ఖర్చు, అన్ని బిల్లుల నకళ్లు" కావాలని ఆర్‌టీఐ (సమాచార హక్కు దరఖాస్తు) పెట్టారు. ఒక పేజీ జవాబు వచ్చింది: పని వేరే రాష్ట్ర సంస్థ చేపట్టింది, వివరాలు మా కార్యాలయంలో లేవు. అప్పీలుకూ అదే జవాబు. దరఖాస్తు వేరే కార్యాలయానికి చెందినదైతే 5 రోజుల్లో వాళ్లే అక్కడికి బదిలీ చేయాలని చట్టంలో సెక్షన్ 6(3) చెబుతోంది. ఆ సంగతి అప్పీలులో ఎవరూ ఎత్తలేదు.

ఈ మూడింటిలోనూ ఒకటే లోపం కనిపించింది. కోపం మొత్తాన్ని ఒకే ప్రశ్నగా అడిగారు. అంత పెద్ద ప్రశ్నను పక్క ఆఫీసు మీదకి నెట్టేయడం ఏ ఆఫీసుకైనా సులువే.

పద్దులు విడదీయడం

నేను మొదట చేయాలనుకున్నది ఏ పని ఏ డబ్బుతో జరిగిందో విడదీయడం. మున్సిపాలిటీ చేతిలో డబ్బంతా ఒక సంచిలో ఉండదు. పర్యాటక గ్రాంటు ఆ పనికే కట్టుబడి వస్తుంది. గోడ కట్టకపోతే ఆ డబ్బు కాలవకు రాదు, మురిగిపోతుంది లేదా మరో ఊరి బీచ్‌కు పోతుంది. 2021-26 కాలపు 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో మన ఊళ్ల స్థాయి పట్టణాలకు 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యం పనులకే వాడాలి. మిగతా 40 శాతం ఇతర స్థానిక అవసరాలకు వాడుకోవచ్చు కానీ జీతాలకు వాడకూడదు. ఇక మిగిలేది సాధారణ నిధి. ఇంటి పన్ను, షాపుల అద్దెలు, ఫీజులు. "మా పన్ను డబ్బు" అని జనం అనేది దీన్నే.

ఇది చెప్పగానే మండపంలో ఒక పెద్దాయన, "అయితే మీరు కమిషనర్ తరఫునా బాబూ?" అన్నాడు. ఆయన అనుమానం నాకు అర్థమైంది. కానీ ఆ మాట మొదట్లోనే చెప్పకపోతే, తర్వాత కౌన్సిల్ హాల్లో ఒక ఇంజినీరు నిమిషంలో చెప్పి సంఘాన్నంతా నవ్వులపాలు చేస్తాడు. గ్రాంటు డబ్బు గురించి పోట్లాడి కాలవ బాగుచేయించలేం. సాధారణ నిధిలోంచి బీచ్‌కు ఏం వెళ్తోందో తేల్చగలిగితే దానిమీద పోట్లాడొచ్చు. ఎందుకంటే అక్కడ నిర్ణయం కౌన్సిల్‌దే.

బడ్జెట్ పుస్తకం తిరగేశాం. "బీచ్" పేరుతో సాధారణ నిధిలో ఉన్నది మొదటి దశ వాటా ఒక్కటే. అదీ చిన్నదే. అంటే బీచ్‌కు ఊరి పన్ను డబ్బు పోవడం లేదన్న కమిషనర్ మాట కరెక్టేనా? ఆ రోజు సంఘం కమిటీలో కొందరు డీలా పడ్డారు.

నాకు మాత్రం ఒక విషయం తేడాగా అనిపించింది. పల్లపు వార్డుల్లో కాలవలు ఎప్పుడూ చెడ్డవే, ఒప్పుకుంటాను. కానీ ఆర్నెల్ల నుంచే మరీ దారుణమైందని అందరూ అంటున్నారు. ఆర్నెల్లలో కాలవ వెడల్పు మారదు, వాలు మారదు. మారగలిగేది శుభ్రం చేసే మనుషులు. వార్డు సచివాలయంలో ఫిర్యాదుల రిజిస్టరు చూడమని సంఘం వాళ్లను పంపాను. కాలవ ఫిర్యాదులు సోమ, మంగళవారాల్లో కుప్పగా ఉన్నాయి. మిగతా రోజుల్లో అక్కడొకటి, ఇక్కడొకటి.

మస్తరు చూపించిన సంగతి

అప్పుడు రెండో ఆర్‌టీఐ పెట్టాం, ఈసారి ఇరుకుగా. ఒకే నెల పారిశుద్ధ్య కార్మికుల మస్తరు, బీచ్ మీటర్ల కరెంటు బిల్లులు, బీచ్ పరిధిలో సాధారణ నిధితో చేసిన చిన్న రిపేర్లు. నకళ్లు అడగలేదు. సెక్షన్ 2(జె) కింద రికార్డులను కళ్లతో చూసే అవకాశం అడిగాం. ఎందుకంటే, ఎక్కువ కాగితాలు అడిగితే సిబ్బంది సమయమంతా దీనికే పోతుందని సెక్షన్ 7(9) చూపించి పక్కన పెడతారు. ఒక నెల పుస్తకం టేబుల్ మీద పెట్టడానికి ఆ సాకు పనికిరాదు. చూడటానికి మొదటి గంట ఫీజు కూడా లేదు.

ఎవరు వెళ్లాలన్నది కూడా ఆలోచించాం. సంఘంలో గట్టిగా మాట్లాడే వాళ్లను పంపలేదు. బ్యాంకులో రిటైరైన ఒకాయన, డిగ్రీ చదువుతున్న ఒకమ్మాయి వెళ్లారు. ఎదురుగా కూర్చున్న క్లర్కుకు టెన్షన్ పుడితే పుస్తకం మూసేస్తాడు. పుస్తకం తెరిచి ఉండటమే మాకు కావాల్సింది.

మస్తరులో ప్రతి కార్మికుడి పేరు పక్కన వార్డు నంబరు సిరాతో ఉంది. శనివారం, ఆదివారం గడుల్లో కొన్ని నంబర్లను పెన్సిల్‌తో కొట్టేసి పైన "బీచ్" అని రాసి ఉంది. అమ్మాయి ఆ పేర్లన్నీ నోటుబుక్కులో ఎక్కించుకొచ్చింది. ఎక్కువ పేర్లు పల్లపు వార్డుల కాలవ గ్యాంగువే. కారణం మామూలే. ఊళ్లో పెద్ద గ్యాంగు అదే కాబట్టి, మనుషులు కావాలంటే మేస్త్రీ దాంట్లోంచే తీస్తాడు. వాళ్లు ఆదివారం పనిచేశారు గనక వాళ్ల వారాంతపు సెలవు సోమవారానికి జరిగింది. అంటే ఆదివారం చెత్తంతా కాలవలో పడిన తర్వాత, సోమవారం దాన్ని తీసే మనిషి లేడు. మాఘ పౌర్ణమి సముద్ర స్నానాల రోజుల్లోనైతే ముందు రోజు నుంచే గ్యాంగు మొత్తం ఒడ్డునే ఉంది.

బడ్జెట్‌లో దీనికి పద్దు లేదు. జీతం పద్దులో ఒక్క రూపాయి మారలేదు. మారింది మనుషులు నిలబడిన చోటు.

కరెంటు బిల్లులు కూడా ఒక కథ చెప్పాయి. లైట్లు తెల్లవార్లూ వెలుగుతున్నాయి. ఉప్పు గాలికి స్తంభాల అడుగు తుప్పు పట్టింది. ప్రముఖులు వచ్చే ముందు రంగులు, కంచె రిపేర్లు టెండరు అక్కర్లేనంత చిన్న ముక్కలుగా సాధారణ నిధిలోంచి చేశారు. విడివిడిగా చూస్తే ఒక్కటీ కంటికి ఆనదు.

వెనక్కి వెళ్లి మొదటి దశ తీర్మానం తీశాం. టేబుల్ అజెండాగా, అంటే ముందుగా చెప్పకుండా సమావేశంలోనే పెట్టిన అంశం. చివర్లో ఒక వాక్యం: నిర్వహణ మున్సిపాలిటీ భరించుటకు ఆమోదించడమైనది. ఏటా ఎంతవుతుందన్న లెక్క దానికి జతచేయలేదు. ఇది ఈ ఒక్క ఊరి సంగతే కాదు. స్వదేశ్ దర్శన్ లాంటి పర్యాటక పథకాల డబ్బు కట్టడానికి వస్తుంది. కట్టాక ఊడవడం, వెలిగించడం, తుప్పు వదిలించడం రాష్ట్రమో స్థానిక సంస్థో చూసుకోవాలి.

పనిచేయనివి

ఇంజినీర్లతో కలిసి బీచ్ మీద నడుద్దామని కమిటీ అడిగింది, మున్సిపాలిటీ ఒప్పుకుంది. అది ఫెయిలైంది. పది అడుగులు వేశామో లేదో ఒకతను పేవర్ బ్లాకు పెకిలించి కింద ఇసుకే లేదని చూపించాడు. లోకల్ చానల్ కెమెరా వచ్చింది. అక్కడి నుంచి మాటంతా కాంట్రాక్టరు నాణ్యత మీదే. ఇంజినీరు నోరు మూసుకున్నాడు. తమాషా ఏమిటంటే, డిఫెక్ట్ లయబిలిటీ గడువు ఇంకా నడుస్తోంది. ఆ బ్లాకులు కాంట్రాక్టరు తన ఖర్చుతోనే బాగుచేయాలి. ఊరికి రూపాయి నష్టం లేని విషయం మీద ఒక పూట పోయింది. గడువులోపు లిఖితంగా నోటీసు ఇవ్వమని ఉత్తరం రాయించాం, అదొక్కటే దక్కింది.

పర్యావరణ కేసులు వినే, చెన్నైలోని గ్రీన్ ట్రిబ్యునల్‌కు వెళ్దామని ఒక వర్గం పట్టుబట్టింది. వద్దన్నాను. ట్రిబ్యునల్ చట్టం సెక్షన్ 14 కింద వివాదం పుట్టిన 6 నెలల్లో, తగిన కారణం చూపితే మరో 60 రోజుల్లో వెళ్లాలి. మొదటి దశకు ఆ గడువు దాటిపోయింది. పైగా 2019 సీఆర్‌జెడ్ (తీర ప్రాంత నియంత్రణ) నోటిఫికేషన్ బీచ్‌ల మీద పేవర్ బ్లాకుల నడకదారులు, మరుగుదొడ్లు లాంటి తాత్కాలిక పర్యాటక వసతులను పోటు రేఖకు 10 మీటర్ల దూరం పాటిస్తే అనుమతిస్తోంది. లైట్లూ నడకదారీ మీద కేసు నిలబడదు, గోడ మీద నిలబడొచ్చేమో. ఆ వాదనకు సర్వే పటాలు, నిపుణుడు, డబ్బు, ఏళ్లు కావాలి. కట్టేసిన గోడ కోసం అవన్నీ పెట్టేకంటే, ఇంకా కట్టని గోడ మీద దృష్టి పెడదామన్నాను. కొందరు అలిగి కమిటీ వదిలేశారు.

పేట వాళ్ల గొడవ వేరు

రెండో దశ పటం పట్టుకుని పేటకు వెళ్లాక ఇంకో సంగతి బయటపడింది. సంఘం లెటర్‌హెడ్ మీద "బీచ్ బాధితులందరి తరఫున" అని ఉంది. పేటలో ఎవరూ ఆ సంఘంలో లేరు. పల్లపు వార్డులకు కావాల్సింది కాలవ. పేటకు కావాల్సింది ఇసుక. అలివి వల లాగాలంటే రెండు చివర్లా తాడు పట్టుకుని వెనక్కి నడవడానికి వెడల్పైన ఒడ్డు ఉండాలి. ఆడవాళ్లు నెత్తళ్లు ఎండబోసేది కూడా సరిగ్గా పటంలో పార్కింగ్ గీసిన చోటే.

గోడ సంగతి వాళ్లకు మాకంటే బాగా తెలుసు. గోడకు తగిలిన అల తిరిగెళ్తూ కింది ఇసుకను తీసుకుపోతుంది. మన తూర్పు తీరంలో ఏడాది మొత్తం మీద ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. మద్రాసు హార్బరు కట్టాక దానికి దక్షిణాన మెరీనా పెరిగి, ఉత్తరాన రాయపురం వైపు తీరం కోసుకుపోయింది. విశాఖలో పోర్టు తవ్విన ఇసుకను ఆర్కే బీచ్ వైపు పోయాల్సి వస్తోంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ కొట్టినప్పుడు అక్కడి బీచ్ రోడ్డు ఏమైందో ఈ జిల్లాల్లో అందరికీ గుర్తే. గోడకు ఉత్తరపు కొసన ఏం జరుగుతుందో చెప్పడానికి పేటలో పెద్దలకు పటం అక్కర్లేదు.

ఈ రెండు గొడవలనూ ఒకే అర్జీలో కలపొద్దని సలహా ఇచ్చాను. కలిపితే సులువైన బేరం ఒకటుంది: పల్లపు వార్డులకు ఒక కాలవ ఇచ్చి, ఆ సంతోషంలో పేట ముందు గోడ కట్టేయడం. పేట వాళ్లు విడిగా రాశారు. మత్స్యకారుల వాడుకలోని చేపలు ఎండబెట్టే స్థలాలు, వలలు బాగుచేసుకునే స్థలాలు సీఆర్‌జెడ్ నిబంధనల్లోనే అనుమతించిన వసతులని, పటంలో ముందు అవి గీయాలని అడిగారు. బళ్ల వాళ్లది మూడో గొడవ. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే చేసి గుర్తింపు పత్రాలిచ్చే దాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు, వేరే చోటికి మార్చాలన్నా 30 రోజుల నోటీసు ఇవ్వాలి. ఆ సర్వే జరగలేదని వాళ్లూ విడిగా అర్జీ పెట్టారు.

పనిచేసింది

కౌన్సిల్‌కు ఇవ్వడానికి ఒకే ఒక్క కాగితం తయారు చేశాం. పైన "రెండో దశ కడితే ఏటా నిర్వహణ" అని రాసి కింద వరసలు గీశాం: ఊడ్చే మనుషులు, ఏ వార్డు నుంచి వస్తారు, కరెంటు, మరుగుదొడ్ల నీళ్లు, సెప్టిక్ ట్యాంకు ఖాళీ చేయడం, తుప్పు రిపేర్లు, కాపలా, పార్కింగ్ నుంచి వచ్చే ఆదాయం. అంకెల గడులు ఖాళీగా వదిలేశాం. కావాలనే. మేం అంకె వేస్తే ఇంజినీరింగ్ విభాగం ఆ అంకె తప్పని నిరూపిస్తూ గంట గడిపేస్తుంది. ఖాళీ గడి ఉంటే వాళ్లే నింపాలి, లేదా ఎందుకు నింపలేదో చెప్పాలి. వెనక పేజీలో మస్తరు నుంచి ఎక్కించుకున్న ఒక నెల పట్టిక మాత్రం పెట్టాం, కార్మికుల పేర్లు లేకుండా. వాళ్లు ఆప్కాస్ అనే రాష్ట్ర అవుట్‌సోర్సింగ్ సంస్థ ద్వారా వచ్చిన మనుషులు. మాట వాళ్ల మీదకు రాకూడదు.

కాగితాన్ని ముందు పల్లపు వార్డుల కౌన్సిలర్లకు ఇచ్చాం, రెండు పార్టీల వాళ్లకూ. "బీచ్ వద్దు" అనమంటే వాళ్లలో ఎవరూ అనలేరు, ప్రారంభోత్సవం ఫొటోల్లో అందరూ ఉన్నారు. "మా వార్డు మనుషులను ఆదివారం ఎందుకు తీసుకెళ్తున్నారు" అని అడగడం మాత్రం ఏ కౌన్సిలరుకైనా తేలిక. సమావేశంలో ఆ ప్రశ్న వచ్చింది. అధికారులు కాదనలేదు. పెన్సిల్ రాతలున్న పుస్తకం వాళ్ల దగ్గరే ఉంది మరి.

కొత్త పోస్టులు వెంటనే రావు, వాటికి పైనుంచి అనుమతి కావాలి. అందుకని శానిటరీ ఇన్‌స్పెక్టరే ఒక మార్గం చెప్పాడు: బీచ్ డ్యూటీ అన్ని వార్డుల గ్యాంగులకూ వంతులేయడం, ప్రత్యామ్నాయ సెలవును సగం మందికి సోమవారం, సగం మందికి బుధవారం ఇవ్వడం. ఖర్చు లేని పని. సచివాలయం రిజిస్టరులో సోమవారం కుప్ప కొన్ని వారాల్లోనే కరిగింది. లైట్లకు టైమరు పెట్టి రాత్రి 11 తర్వాత నడకదారి దీపాలు మాత్రమే ఉంచారు. తాబేళ్లు గుడ్లు పెట్టే కాలంలో సముద్రం వైపు లైట్లు ఆపాలని అటవీ సిబ్బంది ఎప్పటి నుంచో అడుగుతున్నారట. ఆ పనీ దీంతోనే అయింది.

రెండో దశ అంశం ఆ సమావేశంలో వాయిదా పడింది. తర్వాతి సమావేశానికి ఇంజినీరింగ్ విభాగం గడులు నింపి తెచ్చింది. ఆ మొత్తం చూసి ఛైర్‌పర్సన్ వర్గం వాళ్లే ఫుడ్ కోర్టు వద్దన్నారు. మరుగుదొడ్లు, బస్టాండు వైపు పార్కింగ్ మిగిలాయి. పేట వైపు గోడ పొడిగింపు పటంలోంచి పోయింది. దాని బదులు చేపలెండబెట్టే ప్లాట్‌ఫాం వచ్చింది. పార్కింగ్ వేలం డబ్బును బీచ్ నిర్వహణకే వాడాలని కూడా తీర్మానంలో రాశారు.

ఇలాంటి కేసు చేతికొస్తే

నేనైతే ఇప్పుడు ముందు అడిగేది మస్తరు. బడ్జెట్ తర్వాత. చిన్న మున్సిపాలిటీల్లో డబ్బు కంటే ముందు మనుషులు, ట్రాక్టరు, నీళ్ల ట్యాంకరు కదులుతాయి, వాటికి పద్దు ఉండదు. ట్రాక్టరు లాగ్‌బుక్ కూడా ఇంతే పనికొస్తుంది. ఈ కేసులో దాని దాకా పోనక్కర్లేకపోయింది.

అవినీతి ఆరోపణను పక్కన పెట్టడం అందరికీ నచ్చలేదు. "దొంగల్ని వదిలేసి టైమరు పెట్టించారు" అని కమిటీ వదిలి వెళ్లినవాళ్లు ఇప్పటికీ అంటారు. వాళ్ల దగ్గర ఎం-బుక్ కొలతకూ నేల మీద కొలతకూ తేడా ఏదైనా ఉంటే నేనే అర్జీ రాసిపెడతానని చెప్పాను. ఆ దారి మూసుకుపోలేదు. కాలవ మాత్రం ఆ విచారణ తేలేదాకా ఆగలేదు.

తేలనివి చాలానే ఉన్నాయి. ఇంటి పన్ను లెక్క రాష్ట్ర చట్టంలోది, దాని మీద కౌన్సిల్ చేయగలిగింది తక్కువ. బళ్ల వాళ్ల సర్వే ఇంకా మొదలు కాలేదు. ఇక ప్లాట్‌ఫాం దగ్గర కొత్త గొడవ నడుస్తోంది. ఇసుక మీదైతే ఎవరి చేపలు వాళ్లు ఎక్కడైనా ఎండబోసుకునేవారు. ఇప్పుడు కట్టేది పేటలో సగం ఇళ్లకు కూడా చాలదు. వాటాలు పేట సంఘం పేరు మీదా, ఒక్కో ఇంటికి వంతుల మీదా అన్నది తేల్చమని ఆడవాళ్లు పట్టుబట్టారు. అది తేలే దాకా పునాది తవ్వనివ్వమని చెప్పి పంపారు. మున్సిపాలిటీ ఇచ్చిన మొదటి జాబితాలో మగవాళ్ల పేర్లే ఉండటంతో దాన్ని వెనక్కి ఇచ్చేశారు. రెండో జాబితా రావాలి.